పిన్ను పట్టిందని ప్లగ్గు పెట్టొద్దు

ఈ మధ్య హనుమకొండలో ఒక ఇంట్లో సూపర్ నింటెండో అడాప్టర్ కాలిపోయింది. అమెరికా నుంచి మేనమామ బ్యాగులో తెచ్చిచ్చిన గేమ్ డబ్బా అది. పిల్లవాడు పిన్ను మార్చే ప్లగ్గు కొనుక్కొచ్చి, బోర్డులో గుచ్చి స్విచ్ వేశాడు. కాసేపటికి కమురు వాసన. కంగారులో అడాప్టర్‌నే పట్టుకుని లాగేసరికి అరచెయ్యి బొబ్బలెక్కింది. పక్కనే కర్టెన్ ఉంది. అంటుకోలేదు, అంతే.

బతుకమ్మకు ఇల్లు దులిపితే సజ్జ మీది పాత గేమ్ డబ్బాలన్నీ కిందికి దిగుతాయి. దసరా సెలవులకు వచ్చే బంధువుల బ్యాగుల్లో ఇంకొన్ని వస్తాయి. స్క్రూడ్రైవర్ ఉన్న ప్రతివాడూ మెకానిక్ అవుతాడు. తడి చేతులతో ముట్టుకోవద్దనే మాటలు మీకు తెలుసు, వాటి జోలికి పోను. నేను చూసిన చచ్చిన కన్సోళ్లలో, అంటే ఈ గేమ్ డబ్బాల్లో, ఎక్కువ భాగం ఒక్క తప్పుకే చచ్చాయి. పిన్ను పట్టింది కదా అని ప్లగ్గు పెట్టడం.

మన ఇళ్ల కరెంటు 230 వోల్టులు. అమెరికాలో 120, జపాన్‌లో 100. అక్కడి చప్పట పిన్నులను మన సాకెట్‌లో పట్టేలా చేసే ప్లగ్గు ఏ ఎలక్ట్రికల్ షాపులో అయినా దొరుకుతుంది. వోల్టులు తగ్గించే కన్వర్టర్ కావాలంటే కూడా కొన్ని షాపుల్లో దాన్నే చేతిలో పెడతారు. అది ఆకారాన్నే మారుస్తుంది. లోపల లోహపు రేకులు తప్ప ఏమీ ఉండదు, 230 వచ్చింది వచ్చినట్టే అవతలికి పోతుంది. 120 కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 తగిలితే ఇనుప కోర్ తట్టుకోలేదు. కాయిల్ విపరీతంగా కరెంటు లాగి, వేడెక్కి మాడిపోతుంది. అదృష్టం బాగుంటే కన్సోల్ లోపలి ఫ్యూజుతో ఆగుతుంది. బాగుండకపోతే బోర్డు పోతుంది.

ముందు లేబుల్ చదవండి. అడాప్టర్ మీదో, కన్సోల్ అడుగునో ఉంటుంది. ఇన్‌పుట్ అన్న చోట 100-240 అని ఉంటే పిన్ను మార్చి నిశ్చింతగా వాడుకోండి. ఒట్టి 120 అనో, 100 అనో ఉంటే ఆగండి. లేబుల్ చిరిగిపోతే మన కరెంటుకు పనికిరాదనే అనుకోండి. ప్లేస్టేషన్ 2 అయితే ఎస్‌సీపీహెచ్ అనే ఇంగ్లిష్ అక్షరాల పక్కన ఉండే మోడల్ నంబరు చివరి రెండంకెలు కూడా చూడండి. 00 అంటే జపాన్‌ది, 01 అంటే అమెరికాది.

ఒట్టి 120, 100 ఉన్నవాటికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అంటే మన 230ని అంతకు తగ్గించి ఇచ్చేది. ఎత్తితే చేతికి బరువు తెలియాలి. తేలిగ్గా అరచేతిలో ఇమిడిపోతూ పైన 1500 వాట్లు అని రాసి ఉండేవి హెయిర్ డ్రయర్ లాంటి వేడి వస్తువుల కోసం చేసినవి, కన్సోల్‌కు వాడొద్దు. కన్సోల్ లేబుల్ మీది వాట్లకు కనీసం రెట్టింపు తీసుకోండి. జపాన్ డబ్బాకైతే 100 వోల్టుల అవుట్‌పుట్ ఉన్నదే అడగండి. వరంగల్‌లో దొరక్కపోతే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ ఉంది.

ఇదే తప్పు ఇంకో వేషంలో కూడా వస్తుంది. అసలు అడాప్టర్ పోయిందని వైఫై రౌటర్‌దో, సెట్‌టాప్ బాక్స్‌దో తెచ్చి పెడతారు. ఆ గుండ్రటి పిన్ను చాలా పాత కన్సోళ్లలో చక్కగా కూర్చుంటుంది. కూర్చుంటే సరిపోతుందా? రౌటర్ అడాప్టర్లు చాలావరకు 12 వోల్టులు, మధ్యలో ప్లస్. నింటెండో జపాన్‌లో అమ్మిన ఫామికామ్‌కు, సెగా కంపెనీ మొదటి మోడల్ మెగా డ్రైవ్‌కు మధ్యలో మైనస్ కావాలి. మెగా డ్రైవ్ 2కు మళ్లీ మధ్యలో ప్లస్సే. కంపెనీ ఒకటే, పేరూ ఒకటే, పిన్ను మాత్రం తిరగబడింది, వాళ్లను ఏమనాలో నాకు తెలియదు. ఇక ఫామికామ్‌కు అమెరికా రూపమైన ఎన్‌ఈఎస్ అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ, అంటే గోడ సాకెట్‌లో లాగా దిశ మారుతూ ఉండే కరెంటు. దాన్ని డీసీ, అంటే బ్యాటరీలో లాగా ఒకే దిశలో పోయే కరెంటు, చేసే డయోడ్లు ఎన్‌ఈఎస్ లోపలే ఉన్నాయి కాబట్టి దానికి సరే. ఫామికామ్‌కు అదే పెట్టారా, దాని పని అయిపోయింది. 90ల్లో మన బజార్లలో అమ్మిన క్యాసెట్ గేముల్లో చాలావరకు ఫామికామ్ నకళ్లే, కానీ ఒక్కోదానిది ఒక్కో పద్ధతి. జాక్ పక్కన ఉండే ప్లస్ మైనస్ బొమ్మను చూడకుండా ఏదీ గుచ్చొద్దు.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ కొనండి. డీసీ 20కి తిప్పి, ఎర్ర ప్రోబ్ అడాప్టర్ పిన్ను రంధ్రంలో, నల్లది బయటి లోహానికి ఆనించండి. అంకె ముందు మైనస్ వస్తే మధ్యలో మైనస్. డీసీలో ఏమీ రాకుండా ఏసీలో అంకె వస్తే అది ఏసీ అడాప్టర్. బరువుగా ఉండే పాత రకం 9 వోల్టుల అడాప్టర్ దేనికీ తగిలించనప్పుడు 13, 14 చూపిస్తుంది, టెన్షన్ పడొద్దు. వోల్టులు, ఏసీనా డీసీనా, మధ్యలో ఏ గుర్తు, ఈ మూడూ కలవాలి. ఆంపియర్లు ఎక్కువ ఉన్నా పర్వాలేదు, తక్కువ ఉండొద్దు.

ఇక మూత విప్పేవాళ్లకు. లావు ప్లేస్టేషన్ 2, సెగా వాళ్ల సాటర్న్, డ్రీమ్‌కాస్ట్‌లలో పవర్ సప్లై లోపలే ఉంటుంది. 230 వోల్టుల ఏసీ అందులో డీసీగా మారి కరెంటును నిలవ ఉంచే పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలుస్తుంది. ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు అక్కడే ఉంటుంది. ఆగండి, మీటర్‌తో కొలవండి, 10 లోపు దిగాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి ఖాళీ చేసే విద్యను వీడియోల్లోనే వదిలేయండి.

డ్రీమ్‌కాస్ట్ బ్యాటరీ ఎంఎల్2032, చార్జ్ అయ్యే రకం. సైజు ఒకటే అని సీఆర్2032 వేయొద్దు. బోర్డు దాన్నీ చార్జ్ చేయబోతుంది, అది కారుతుంది, పగలొచ్చు కూడా. పిన్ను సంగతి లాంటిదే ఇదీ.

కాట్రిడ్జ్‌లో, అంటే గేమ్ క్యాసెట్‌లో, ఆట ఎక్కడ ఆగిందో గుర్తుంచే సేవ్ బ్యాటరీ మారిస్తే రేకులు అతికించి ఉన్నదే కొనండి. బిళ్ల మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టొద్దు.

మొదటి ఎక్స్‌బాక్స్‌లో గడియారం కెపాసిటర్ కారి బోర్డు గీతలను తినేస్తుంది. తీసేయండి, టైమ్ మరిచిపోతుంది, గేమ్ ఆడుతుంది. 1.6 మోడల్ అయితే ముట్టుకోవద్దు.

కెపాసిటర్ మారిస్తే మైనస్ గీత ఎటు ఉందో ముందే ఫోటో తీసుకోండి.

సోల్డర్ వైర్‌లో చాలావరకు సీసం ఉంటుంది. అన్నం తినే చోట పని పెట్టొద్దు. చేతులు కడుక్కోండి. కిటికీ తెరవండి, చిన్నపిల్లల్ని ఆ గదిలోకి రానివ్వొద్దు.

తుడవడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసే ముందు అగర్‌బత్తి ఆర్పండి. పెట్రోలు, థిన్నర్ వద్దు.

డిస్క్‌ను చదివే లేజర్ లెన్స్ పక్కన ఉండే చిన్న స్క్రూ తిప్పొద్దు. డిస్క్ తిరుగుతుండగా లెన్స్‌లోకి చూడొద్దు. కనబడని కాంతి కూడా కంటికి కాంతే.

వాననీళ్లలో మునిగిన డబ్బాను ఎండలో పెట్టి సాయంత్రం స్విచ్ వేయొద్దు.

ఉరుములు మొదలైతే స్విచ్ ఆపడం చాలదు. ప్లగ్గు పీకండి, టీవీ కేబుల్ కూడా పీకండి.

పిక్చర్ ట్యూబ్ టీవీ వెనక మూత విప్పొద్దు. ఆఫ్ చేసి ఉన్నా సరే.

మూత తీసి ఉన్న దేనికీ కరెంటు ఇచ్చి పక్కకు వెళ్లొద్దు.

స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను రాత్రంతా ఆన్‌లో ఉంచొద్దు. దాని మీద బట్ట కప్పొద్దు. సద్దుల బతుకమ్మకు ఇంటికి తాళం వేసి పోయేటప్పుడు అది సాకెట్‌లో ఉండొద్దు.