రేటు సవరణ మాట ఒప్పందంలోనే రాసుకోండి

సొంతంగా కాంట్రాక్టు పనులు చేసేవారిలో చాలామంది మొహమాటానికి పోయి మూడు నాలుగేళ్లు పాత రేటుకే నెట్టుకొస్తుంటారు. ఒకసారి లెక్క వేసి చూడండి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే మూడేళ్లకు అయ్యేది 18 కాదు, చక్రవడ్డీలా పేరుకుని 19.1 శాతం. అప్పటి 100 ఇప్పుడు 84 పాటి చేస్తుంది. ఒక్కసారిగా 19 శాతం అడిగితే ఎంత మంచి క్లయింటైనా ఉలిక్కిపడతాడు. అదే ఏటా 6 అడిగితే పెద్దగా గొణగడు.

అందుకే కొత్త ఒప్పందంలో ఈ వాక్యం చేర్చండి: "ఈ రేటు 12 నెలల వరకే వర్తిస్తుంది. ఆ తర్వాత వినియోగదారుల ధరల సూచీ పెరిగిన మేరకు సవరిస్తాం." ఈ సూచీ అంటే జనం మామూలుగా కొనే సరుకులు, సేవల ధరలు ఎంత పెరిగాయో ప్రభుత్వం ప్రకటించే లెక్క. పాత క్లయింట్లకైతే ఒకటి రెండు నెలల ముందే కొత్త రేటు, అమలు తేదీ రాసి పంపండి. ఇంటి అద్దె పెరిగింది, పిల్లల ఫీజులు పెరిగాయి అంటూ సంజాయిషీలు వద్దు. అవతలివారిని బేరానికి పిలిచినట్టే అవుతుంది. ఒప్పుకున్న పని సగంలో ఉండగా రేటు మార్చడం నా దృష్టిలో అన్యాయం. ఎవరైనా మరీ బేరమాడితే రేటు జోలికి పోకుండా పని పరిధి తగ్గించి చూపండి.