ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి పెద్ద టైర్లు, కొత్త వీల్స్ కొనేముందు జాగ్రత్తలు

వీల్ నట్లే ముందు. పీసీడీ (బోల్టు రంధ్రాలు ఉండే వృత్తం వ్యాసం), మధ్య రంధ్రం సరిపోయినా, రిమ్ములో నట్టు కూర్చునే కోను ఆకారపు సీటులో గుండ్రటి అడుగున్న నట్టు వేస్తే బిగిసినట్టే ఉంటుంది. దారిలో వదులై చక్రమే ఊడొచ్చు. బిగించాక 80–100 కిలోమీటర్లకు టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానా) మళ్లీ చూడండి.

చదును నేల మీద టైరుకీ బాడీకీ మధ్య ఖాళీ కొలిచి సంబరపడొద్దు. ఒక ముందు చక్రాన్ని ఎత్తు మీదకి ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పండి. టైరు పైనుండే ప్లాస్టిక్ లైనర్ అరిగితే పోనీ, బ్రేక్ గొట్టానికి టైరు తగిలితే మాత్రం ఆ సైజు వదిలేయండి.

265/70 ఆర్17 (వెడల్పు మిల్లీమీటర్లలో / అందులో పక్కగోడ ఎత్తు శాతం, రిమ్ము అంగుళాల్లో) నుంచి 285/70 ఆర్17కి మారితే టైరు ఎత్తు 28 మిల్లీమీటర్లు పెరుగుతుంది, నేల నుంచి దక్కేది 14 మాత్రమే. మీటరు 100 చూపితే అసలు వేగం దాదాపు 103.5.

ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్య గీత నుంచి హబ్‌కి బిగించే ముఖం ఎంత దూరమో చెప్పే కొలత) మరీ తగ్గించొద్దు. చక్రం బయటికి జరిగేకొద్దీ బేరింగు మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ గుంజుతుంది.

రిమ్ము పెద్దదైతే టైరు పక్కగోడ కురచవుతుంది. ఇసుకలో గాలి తగ్గించినప్పుడు సాగాల్సింది ఆ గోడే. బ్రేక్ కాలిపర్‌కి (బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగం) తగలకపోతే 20 కన్నా 17 అంగుళాల రిమ్మే మేలు.

లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె) కంపెనీ టైరు కన్నా తగ్గకూడదు.

స్టెప్నీ కూడా అదే సైజు. చిన్నది వేసి ఫోర్‌వీల్‌లో నడిపితే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) దెబ్బతింటుంది.