ట్యాంకు మీద లేచిన స్టిక్కరుకు ఏ జిగురు తగినది?

నా బైకు పెట్రోలు ట్యాంకు మీది స్టిక్కరు అంచులు ఎండకు లేచి, వాటి కింద దుమ్ము చేరడం మొదలైనప్పుడు, కొత్తది కొనడం కన్నా ఉన్నదాన్నే అతికించడం మేలనిపించింది. అయితే ఏ జిగురు వాడాలన్నదే అసలు ప్రశ్న.

క్షణాల్లో పట్టే సైనోయాక్రిలేట్ జిగురు చుట్టూ తెల్లని మరక వదలవచ్చు, పైగా గట్టిపడ్డాక పెళుసుగా మారి, స్టిక్కరు తయారైన, వేడికి సాగే ప్లాస్టిక్ అయిన వినైల్‌తో పాటు వంగదు. చెక్కపనికి వాడే మామూలు తెల్ల జిగురు వానకు మెత్తబడుతుంది. చెప్పులు అతికించే రబ్బరు సొల్యూషన్ పసుపు రంగులో ఉండడమే కాక, అందులోని ద్రావకం స్టిక్కరు మీది ముద్రణను పాడుచేయవచ్చు. సిలికాన్ పారదర్శకమే, వంగుతుంది కూడా. కానీ దాని జాడ మిగిలిన చోట తర్వాత పెయింటు సరిగా పట్టదు కనుక దాన్నీ వద్దనుకున్నాను.

చివరికి మొబైల్ రిపేరు దుకాణాల్లో తెరలు అతికించే బి-7000 జిగురును ఎంచుకున్నాను. ఆరిన తర్వాత కూడా అది పారదర్శకంగా ఉండి వంగుతుంది, సన్నని మొన ఉన్న ట్యూబు వల్ల అంచు కిందికి సులువుగా చేరుతుంది. బండిని కాసేపు ఎండలో ఉంచి (ట్యాంకు దగ్గర హెయిర్ డ్రయర్ వాడడం నాకు ఇష్టం లేదు) స్టిక్కరును మెత్తబడనిచ్చి, పాత జిగురును, దుమ్మును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కనపడని మూలలో ముందుగా పరీక్షించి, పలుచగా పూసి, లోపలి నుంచి అంచు వైపు వేలితో నొక్కి, మాస్కింగ్ టేపుతో 24 గంటలు కదలకుండా ఉంచాను. పెట్రోలు ఒలికే మూత చుట్టుపక్కల మాత్రం ఈ జిగురును నేను నమ్మను; అక్కడ కొత్త స్టిక్కరు వేయించడమే నయం.