చిన్నపిల్లల కేంద్రాన్ని నడపాలనుకుంటే: డిగ్రీ ఎంపిక నుంచి డైరెక్టరు ఉద్యోగం దాకా

చాలాచోట్ల బాగా పనిచేసే టీచరునే తీసుకెళ్లి డైరెక్టరు కుర్చీలో కూర్చోబెడతారు. రోస్టర్ (ఎవరు ఏ వేళ పనిచేయాలో చెప్పే పట్టిక) వేయడం, బడ్జెట్ చూడటం, తోటి టీచరుకు పొరపాటు చెప్పి సరిదిద్దడం ఆమెకు ఎవరూ నేర్పి ఉండరు. పిల్లల గదిలో ఎంత నేర్పు ఉన్నా ఆ పనులు వాటంతట అవి రావు. చిన్నపిల్లల విద్య రంగంలో నాయకత్వం వైపు వెళ్లాలనుకునేవాళ్లు చదువుకునే రోజుల్లోనే గది పనికీ, ఆఫీసు పనికీ కలిపి సిద్ధపడాలి.

ముందు పిల్లల మధ్య కూర్చోండి

పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల దాకా ఈ రంగం కిందికే వస్తుంది. డిగ్రీలో చేరకముందే హెల్పరుగానో వాలంటీరుగానో కనీసం మూడు వయసుల పిల్లలతో పనిచేసి చూడండి: ఏడాదిలోపు, రెండేళ్ల ప్రాంతం, నాలుగైదేళ్లు. ఒక్క వయసునే ఎరిగినవాళ్లు డైరెక్టరు అయ్యాక మిగతా గదుల్లో ఏం జరుగుతోందో పోల్చుకోలేరు. పసిపిల్లల గదిలో పొరపాటుకు చోటుండదు. నిద్రపుచ్చేటప్పుడు వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండూ వదులు దుప్పటీ లేకుండా పడుకోబెట్టాలి. డైపర్ మార్చిన ప్రతిసారీ సబ్బుతో కనీసం 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. రేపు మీరు సిబ్బందిని తనిఖీ చేసేది ఇలాంటి వాటి మీదే.

రెండేళ్ల గదిలో మామూలుగా వచ్చే గొడవ కొరకడం. కొరికిన పిల్లాణ్ని మందలించి ఊరుకుంటే అది ఆగదు. ఏ సమయంలో, గదిలో ఏ మూల, అంతకు ముందు ఏం జరుగుతుండగా కొరికాడో రెండు వారాలు రాసి చూస్తే తీరు బయటపడుతుంది. చేతులు కడుక్కోవడానికి వరసలో నిలబడ్డప్పుడో, ఒకే బొమ్మ కోసం నలుగురు ఎగబడ్డప్పుడో జరుగుతున్నట్టు తేలవచ్చు. మాటలు ఇంకా చాలని వయసు కాబట్టి చిరాకు పళ్లతో బయటికొస్తుంది. అప్పుడు మార్చాల్సింది వరసను, బొమ్మల సంఖ్యను. తల్లిదండ్రులకు చెప్పేటప్పుడు కొరికిన పిల్లాడి పేరు బయటపెట్టకూడదు.

పరిశీలన రాయడం

ఈ చదువులో అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చే నైపుణ్యం ఇదే. "పాపకు ఈ రోజు మొండితనం ఎక్కువగా ఉంది" అని రాస్తే అది మీ అభిప్రాయం మాత్రమే. "10:05. బ్లాకులు సర్దమని టీచరు చెప్పింది. పాప రెండు బ్లాకులు గుండెకు హత్తుకుని తల అడ్డంగా ఊపింది. తాను కట్టిన గోడ వైపు చూసి 'అవలేదు' అంది" అని రాస్తే అది పరిశీలన. రెండోది చదివినవాళ్లకు ఆ పాప పని ముగించాలనుకుంటోందని అర్థమవుతుంది. సర్దడానికి అయిదు నిమిషాల ముందే హెచ్చరిక ఇవ్వాలన్న ఆలోచన కూడా వస్తుంది. వారానికి మూడు నాలుగు ఇలా రాయడం అలవాటు చేసుకోండి. ముందు చూసిందీ విన్నదీ, దాని అర్థం కింద విడిగా.

డిగ్రీ ఎంచుకునేటప్పుడు

ఫీజు కట్టకముందే ఒకటి తేల్చుకోండి: మీరు పనిచేయదలచిన చోట లైసెన్సు ఇచ్చే అధికారులు ఆ డిగ్రీని డైరెక్టరు పదవికి గుర్తిస్తారా? చిన్నపిల్లల విద్య అనే మాట పట్టా మీద ఉన్నంత మాత్రాన చాలకపోవచ్చు. కొన్నిచోట్ల నిర్వహణ సబ్జెక్టుల్లో ఇన్ని క్రెడిట్లు ఉండాలని విడిగా నిబంధన ఉంటుంది.

తర్వాత సిలబస్. ఫ్రోబెల్ 1837లో మొదలుపెట్టిన ఆటల బడి, 1907లో రోమ్‌లో మాంటిస్సోరి తెరిచిన బాలల ఇల్లు, పిల్లల ఎదుగుదల మీద సిద్ధాంతాలు చెప్పిన పియాజే, వైగోట్‌స్కీ ఇంచుమించు అన్ని కోర్సుల్లోనూ ఉంటాయి. తేడా తెలిసేది ప్రాక్టికమ్‌లో, అంటే కేంద్రంలో పిల్లలతో నేరుగా పనిచేసే శిక్షణలో. మూడేళ్లలోపు పిల్లల గదిలోనూ పెడతారా, మిమ్మల్ని గమనించి రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పే మెంటర్ ఉంటారా, ఆన్‌లైన్ కోర్సయితే ఆ చోటును ఎవరు వెతకాలి అని అడగండి. సిబ్బంది పర్యవేక్షణ, ఆర్థిక నిర్వహణ, పిల్లల రక్షణ చట్టాలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, కుటుంబాలతో పని, ఈ అయిదూ సిలబస్‌లో లేకపోతే అది టీచరు డిగ్రీ మాత్రమే అనుకోవాలి. మాస్టర్స్‌కు రెండు మూడేళ్లు గదిలో పనిచేశాక వెళ్లడం మేలు. అక్కడి చర్చలన్నీ అనుభవం మీదే నడుస్తాయి.

డైరెక్టరు లెక్కలు

నాలుగేళ్ల పిల్లలు 20 మంది, పది మందికి ఒక టీచరు అన్న నిష్పత్తి అనుకుందాం. ఇద్దరు టీచర్లు చాలనిపిస్తుంది. కానీ కేంద్రం రోజుకు 10 గంటలు, వారానికి అయిదు రోజులు తెరిచి ఉంటే ఇద్దరి చోటు నింపడానికి వారానికి 100 గంటలు కావాలి. వారానికి 40 గంటల ఉద్యోగిలో భోజన విరామం, ప్లానింగ్, సెలవులు తీసేస్తే పిల్లలతో ఉండేది సుమారు 35 గంటలు. 100ను 35తో భాగిస్తే 2.86, అంటే ముగ్గురు. ఈ లెక్క వేయని చోట మధ్యాహ్నం ఒక టీచరు భోజనానికి వెళ్లగానే నిష్పత్తి తప్పుతుంది. పొద్దున్న తెరిచే వేళ, సాయంత్రం మూసే వేళ కూడా అంతే.

ఇక డబ్బు. 20 మంది చొప్పున మూడు గదులు నిండితేనే జమాఖర్చులు సరిపోయేలా బడ్జెట్ వేశారనుకోండి. ఒక్కో గదిలో ముగ్గురు తగ్గితే ఫీజు రాబడి 15 శాతం పడిపోతుంది. జీతాలు మాత్రం తగ్గవు, ఎందుకంటే 17 మందికి కూడా ఇద్దరు టీచర్లు కావాలి. ఖర్చుల్లో సింహభాగం జీతాలదే కాబట్టి లోటు నేరుగా మీద పడుతుంది. అందుకే మొదటి బడ్జెట్‌ను 85 శాతం సీట్లు నిండుతాయన్న అంచనాతోనే వేయండి. ఎక్సెల్‌లో ఈ రెండు లెక్కలూ సొంతంగా వేయగలిగితే ఇంటర్వ్యూలో చాలామంది కంటే ముందుంటారు.

టీచర్లకు చెప్పడం

గదిలో 15 నిమిషాలు కూర్చుని, చూసింది రాసుకుని, వీలైతే అదే రోజు విడిగా మాట్లాడండి. ఒక్కసారికి ఒక్క అంశమే. "పిల్లలతో ఇంకా బాగా మాట్లాడాలమ్మా" అంటే ఆమె ఏం మార్చుకోవాలి? "ఈ పావుగంటలో మీరు అడిగిన ఏడు ప్రశ్నల్లో ఆరింటికి అవును, కాదు అంటే సరిపోయింది. రేపు కథ చెప్పేటప్పుడు 'తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నారు' అని రెండుసార్లు అడిగి చూడండి" అంటే ఏం చేయాలో తెలుస్తుంది. వారం తర్వాత అదే అంశం మళ్లీ చూడకపోతే మీరు చెప్పింది గాలికి పోయినట్టే.

ఉద్యోగం వెతికేటప్పుడు

పోర్ట్‌ఫోలియోలో పరిశీలనలు రెండు, ఒక వారం రోస్టర్, ఒక నమూనా బడ్జెట్, తల్లిదండ్రులకు రాసిన ఒక లేఖ ఉంటే చాలు. పిల్లల పేర్లు, ఫొటోలు తీసేయండి. ప్రథమ చికిత్స, పసిపిల్లల సీపీఆర్ (గుండె, ఊపిరి ఆగినప్పుడు చేసే అత్యవసర సాయం) సర్టిఫికెట్లు గడువు దాటకుండా చూసుకోండి. నేరుగా డైరెక్టరు పదవికి కాకుండా లీడ్ టీచరు, అసిస్టెంట్ డైరెక్టరు మెట్లు ఎక్కడమే మంచిది. ఇంటర్వ్యూలో మీరూ అడగండి: గత ఏడాదిలో ఎంతమంది టీచర్లు మానేశారు, చివరి లైసెన్సు తనిఖీ నివేదిక చూపిస్తారా, సిబ్బంది నియామకంలో తుది మాట ఎవరిది? నివేదిక చూపించడానికి వెనకాడితే ఆ ఉద్యోగం గురించి మరోసారి ఆలోచించండి. లైసెన్సు లోపాలకు మొదట జవాబు చెప్పాల్సి వచ్చేది డైరెక్టరే.