బక్ కన్వర్టర్‌లో ఫీడ్‌బ్యాక్ లూప్ కాంపెన్సేషన్: లెక్క అవుట్‌పుట్ కెపాసిటర్ దగ్గర మొదలుపెట్టండి

బక్ కన్వర్టర్ ఎక్కువ డీసీ వోల్టేజ్‌ను తక్కువకు దించే సర్క్యూట్. దాని అవుట్‌పుట్‌ను చూసి సరిదిద్దే ఫీడ్‌బ్యాక్ లూప్ ఊగిసలాడకుండా గెయిన్‌ను, ఫేజ్‌ను సర్దడమే కాంపెన్సేషన్. డేటాషీట్‌లోని నమూనా సర్క్యూట్ నుంచి కాంపెన్సేషన్ విలువలను యథాతథంగా తీసుకోవడం మంచిది కాదు. అవి ఆ సర్క్యూట్‌లోని ఇండక్టర్‌కు, అవుట్‌పుట్ కెపాసిటర్‌కు కట్టిన లెక్కలు కనుక, మన బోర్డుకు మళ్లీ లెక్క కట్టుకోవలసిందే.

12 వోల్టుల నుంచి 5 వోల్టులు ఇస్తూ, వోల్టేజ్ మోడ్‌లో (అవుట్‌పుట్ వోల్టేజ్‌ను మాత్రమే చూసి నియంత్రించే పద్ధతిలో) 300 కిలోహెర్ట్జ్ వద్ద పనిచేసే కన్వర్టర్‌ను తీసుకుందాం. ఇండక్టర్ 10 మైక్రోహెన్రీలు, పాలిమర్ కెపాసిటర్ 100 మైక్రోఫారడ్లు, దాని ఈఎస్ఆర్ (లోపలి శ్రేణి నిరోధం) 20 మిల్లీఓమ్‌లు. ఇండక్టర్, కెపాసిటర్ కలిసి 5 కిలోహెర్ట్జ్ వద్ద జంట పోల్‌ను (గెయిన్ పడిపోవడం మొదలయ్యే చోటును) ఏర్పరుస్తాయి. దాన్ని దాటాక ఫేజ్ దాదాపు 180 డిగ్రీలు వెనుకబడుతుంది. ఈఎస్ఆర్ వల్ల 80 కిలోహెర్ట్జ్ వద్ద ఏర్పడే జీరో (గెయిన్‌ను, ఫేజ్‌ను పైకి లేపే చోటు) అందులో కొంత తిరిగి ఇస్తుంది.

క్రాసోవర్‌ను (లూప్ గెయిన్ 1కి దిగే ఫ్రీక్వెన్సీని) స్విచింగ్ ఫ్రీక్వెన్సీలో పదో వంతుకు, అంటే 30 కిలోహెర్ట్జ్‌కు పెట్టుకుందాం. స్విచ్ ఆన్ సమయాన్ని నిర్ణయించే మాడ్యులేటర్‌లో ర్యాంప్ (రంపపు పళ్ల తరంగం) ఎత్తు 1.5 వోల్టులైతే దాని గెయిన్ 12/1.5, అంటే 8; ఫిల్టర్‌తో కలిపి చూస్తే 30 కిలోహెర్ట్జ్ వద్ద అది 0.25కు పడిపోతుంది. కాబట్టి ఎర్రర్ యాంప్లిఫయర్ (అవుట్‌పుట్‌కూ రిఫరెన్స్‌కూ ఉన్న తేడాను పెంచేది) అక్కడ నాలుగు రెట్ల గెయిన్, అంటే 12 డెసిబెల్స్ ఇవ్వాలి. దీనికి టైప్ 3 కాంపెన్సేటర్ (ఎర్రర్ యాంప్లిఫయర్ చుట్టూ ఒక ఇంటిగ్రేటర్, రెండు జీరోలు, రెండు పోల్స్ ఉండే అమరిక) కావాలి: రెండు జీరోలు 5 కిలోహెర్ట్జ్ వద్ద, ఒక పోల్ ఈఎస్ఆర్ జీరో మీద, మరొకటి 150 కిలోహెర్ట్జ్ వద్ద. జీరోలు 161 డిగ్రీలు పెంచుతాయి, ఇంటిగ్రేటర్ 90, పోల్స్ రెండూ 32 తగ్గిస్తాయి. ఈఎస్ఆర్ ఇచ్చే 21 డిగ్రీలతో ఫేజ్ మార్జిన్ (క్రాసోవర్ వద్ద ఊగిసలాటకు ఇంకా మిగిలి ఉన్న ఫేజ్ దూరం) సుమారు 60 డిగ్రీలకు చేరుతుంది.

నేను అన్నిటికన్నా గట్టిగా హెచ్చరించేది ఒక్క విషయంలోనే. దొరకలేదనో, ధర తక్కువనో ఆ పాలిమర్ కెపాసిటర్ స్థానంలో సిరామిక్ పెడితే ఈఎస్ఆర్ జీరో ఎంతో పైకి వెళ్లిపోతుంది, 80 కిలోహెర్ట్జ్ పోల్ మాత్రం అక్కడే మిగులుతుంది, మార్జిన్ 40 డిగ్రీలకు దిగుతుంది. పైగా సిరామిక్ మీద డీసీ వోల్టేజ్ ఉన్నప్పుడు దాని కెపాసిటెన్స్ తగ్గుతుంది. అది సగమైతే క్రాసోవర్ ఒకటిన్నర రెట్లకు మించి పెరుగుతుంది. కెపాసిటర్ మార్చిన ప్రతిసారీ లెక్క మొదటి నుంచి కట్టండి.

చివరగా కొలిచి చూడాలి. పవర్ ఎలక్ట్రానిక్స్ పరిశోధకుడు మిడిల్‌బ్రూక్ 1975లో వివరించిన పద్ధతిలో, అవుట్‌పుట్‌కూ పై ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌కూ మధ్య 20 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, దాని మీదుగా ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా చిన్న సిగ్నల్ పంపి, రెండు వైపులా ఉన్న వోల్టేజ్‌ల నిష్పత్తిని (అదే లూప్ గెయిన్) చూడండి. సిగ్నల్ తగ్గించినా గెయిన్ రేఖ మారకపోతేనే ఆ కొలత నమ్మదగినది. ఇన్‌పుట్ వోల్టేజ్ పెరిగితే, ఫీడ్‌ఫార్వర్డ్ (ఇన్‌పుట్‌ను బట్టి ర్యాంప్‌ను సర్దే ఏర్పాటు) లేని కంట్రోలర్‌లో లూప్ గెయిన్ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అందుకే ఈ కొలతను కనిష్ఠ, గరిష్ఠ ఇన్‌పుట్‌లు రెండింటి వద్దా తీసుకోండి.