పాత డ్రయ్యర్‌ని ఇంట్లోనే బాగుచేసుకోవడం: బెల్టు, హీటరు, గాలి దారి

ఏళ్ల తరబడి వాడిన డ్రయ్యర్ బట్టలు ఆరబెట్టడం మానేసిందంటే దాని పని అయిపోయిందని తేల్చెయ్యకండి. అందులో నిజంగా అరిగేవి కొన్నే: బెల్టు, దాన్ని బిగించి ఉంచే జాకీ పుల్లీ, డ్రమ్మును మోసే రోలర్లు లేదా వెనక షాఫ్టు తిరిగే బుష్, ముందువైపు ఫెల్టు సీలు. మిగతావి అరిగి పోవు, వేడెక్కి పోతాయి. అలా వేడెక్కడానికి కారణం చాలాసార్లు ఒకటే, బట్టల నుంచి రాలే నూగు పేరుకుని లోపల గాలి ఆడకపోవడం. కాబట్టి ఏ భాగం మార్చినా, అది ఎందుకు పోయిందో చూసుకోకుండా మూత బిగించొద్దు.

ఇక్కడ చెప్పేది తడిగాలిని గొట్టం ద్వారా బయటికి వదిలే వెంటెడ్ రకం గురించి. తడిగాలిలోని చెమ్మను లోపలే నీళ్లుగా మార్చే కండెన్సర్ రకానికీ గొట్టం సంగతి తప్ప చాలావరకు ఇదే. ఫ్రిజ్‌లోలా గ్యాసు తిరిగే హీట్ పంప్ రకమైతే ఫిల్టర్లు, బెల్టు వరకే చెయ్యి పెట్టండి. ఆ గ్యాసు పైపుల జోలికి వెళ్లొద్దు.

ముందు చేత్తో చూడండి

ప్లగ్గు ఊడబీకండి. స్విచ్చి ఆపితే చాలదు. పాత వైరింగులో స్విచ్చి పొరపాటున న్యూట్రల్ మీద పడి ఉంటే, ఆపినా లోపల కరెంటు ఉంటుంది. తర్వాత తలుపు తీసి డ్రమ్మును చేత్తో తిప్పండి. ఏ పట్టూ లేకుండా బొంగరంలా తిరిగితే బెల్టు తెగినట్టే. కాస్త బరువుగా, మోటారును లాగుతున్నట్టు తిరిగితే బెల్టు ఉన్నట్టు. కదలనే కదలకపోతే బుష్ పట్టేసి ఉండాలి, లేదా డ్రమ్ముకూ సీలుకూ మధ్య పిల్లల సాక్సులాంటిది ఇరుక్కుని ఉండాలి.

బెల్టు బాగుండి, ఆన్ చేస్తే మోటారు గుయ్యిమని తిరగకుండా ఉంటే, మోటారు తిరగడం మొదలుపెట్టడానికి సాయపడే కెపాసిటర్‌ని అనుమానించండి. ఏ చప్పుడూ లేకపోతే ముందు తలుపు స్విచ్చి చూడండి. బెల్టు తెగితే మోటారు కూడా ఆగిపోయేలా చిన్న స్విచ్చి పెట్టిన మోడళ్లూ ఉన్నాయి.

బెల్టు మార్చడం

పాత బెల్టు మీద 1965 హెచ్7 లాంటి అంకె ఉంటుంది. 1965 అంటే పొడవు మిల్లీమీటర్లలో, హెచ్ అంటే గాడి రకం, 7 అంటే గాడుల మధ్య ఉన్న గట్ల సంఖ్య. హెచ్ గట్లు 1.6 మి.మీ. దూరంలో, జె గట్లు 2.34 మి.మీ. దూరంలో ఉంటాయి. ఒకటి బదులు ఇంకోటి వేస్తే పుల్లీ మీద కూర్చోదు. అంకె చెరిగిపోతే పాత బెల్టును టేపుతో కొలవకండి, అది సాగి ఉంటుంది. తలుపు అంచున లేదా వెనక ఉండే స్టిక్కర్ మీది మోడల్ నంబరుతో అడగండి.

విప్పే ముందు ప్రతి వైరుకూ ఫోనులో ఫోటో తీసుకోండి. చాలా మోడళ్లలో పైమూతకు వెనక రెండు మూడు స్క్రూలుంటాయి. అవి తీసి మూతను వెనక్కి జరిపి ఎత్తితే వచ్చేస్తుంది. గోడకు బిగించిన డ్రయ్యర్ అయితే ఇద్దరు పట్టుకుని కిందికి దించాకే పని మొదలుపెట్టండి. లోపలి రేకు అంచులు చెయ్యి కోస్తాయి, గ్లవ్స్ వేసుకోండి.

డ్రమ్ము చుట్టూ పాత బెల్టు నడిచిన చోట నిగనిగలాడే చార ఉంటుంది. కొత్త బెల్టును గట్లు డ్రమ్ముకు ఆనేలా ఆ చార మీదే వెయ్యండి. కింద వదులుగా మిగిలిన భాగాన్ని జాకీ పుల్లీ కింద నుంచి పోనిచ్చి, మడిచి, మోటారు పుల్లీకి తగిలించండి. జాకీని ఒక చేత్తో నొక్కి పట్టుకుంటే ఇది సులువవుతుంది. తర్వాత డ్రమ్మును మూడు నాలుగు చుట్లు చేత్తో తిప్పండి. బెల్టు పక్కకు జరుగుతుంటే జాకీ వంకరగా ఉందన్నమాట. జాకీ ప్లాస్టిక్ చక్రాన్ని వేలితో తిప్పితే గరగరమన్నా, అటూ ఇటూ ఊగినా దాన్నీ ఇప్పుడే మార్చెయ్యండి. పాత జాకీ కొత్త బెల్టును తినేస్తుంది.

కీచుమనే చప్పుడుకు కొబ్బరినూనె రాయడం మనవాళ్లకు అలవాటు. ఇక్కడ ఆ పని చెయ్యొద్దు. అది ఫెల్టులోకి పాకి నూగును పట్టుకుంటుంది, వేడికి కాలుతుంది. వెనక షాఫ్టుకు వేడి తట్టుకునే గ్రీజు చిటికెడు చాలు.

డ్రమ్ము తిరుగుతోంది, వేడి లేదు

హీటరుకు వచ్చే వైరు ఒకటి పీకి, రెండు కొనల మధ్య మల్టీమీటరుతో ఓమ్స్ చూడండి. 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల కాయిల్‌కు సుమారు 26 ఓమ్స్, 2500 వాట్లకు 21 రావాలి. రెండు కాయిళ్లున్నవాటిలో విడివిడిగా కొలవండి. ఏ అంకే రాకపోతే కాయిల్ తెగింది. హీటరు కొనకూ బాడీ రేకుకూ మధ్య ఏదైనా అంకె వస్తే కరెంటు లీకవుతోంది, లీకైతే కరెంటు కట్ చేసే ఆర్‌సీసీబీ పడిపోవడానికి కారణం అదే. గొట్టం రకం హీటరు నెలల తరబడి వాడకుండా ఉంటే లోపలి పొడి చెమ్మ పీల్చుకుని కూడా ఇలా చేస్తుంది.

హీటరు బాగుంటే, వేడి మితిమీరితే కరెంటు ఆపేసే థర్మల్ ఫ్యూజు చూడాలి. చల్లగా ఉన్నప్పుడు మీటరు బీప్ అనాలి. అనకపోతే అది ఎగిరిపోయింది. చిన్న రీసెట్ బటన్ ఉన్న రకమైతే నొక్కితే తిరిగి అతుక్కుంటుంది. కొత్తది కొనేటప్పుడు దాని మీద ముద్రించిన ఉష్ణోగ్రత, ఆంపియర్లు అవే ఉండాలి. దాన్ని వైరుతో షార్ట్ చేసి నడిపించే మెకానిక్కులున్నారు. నూగు నిండిన పెట్టెలో మంటను ఆపే చివరి భాగం అదే, తీసెయ్యనివ్వొద్దు. దాని పక్కనే ఉండి వేడిని అదుపులో పెట్టే థర్మోస్టాట్‌ను కూడా కలిపి మార్చడం మేలు, ఎందుకంటే అది సమయానికి కట్ చెయ్యకపోయినా ఫ్యూజు పోతుంది.

వైర్ల కొనల దగ్గర నల్లబడిన క్లిప్పులు కత్తిరించి కొత్తవి క్రింప్ చెయ్యండి, అంటే పట్టకారుతో నొక్కి బిగించండి. వైరు సిలికాన్ లేదా ఫైబర్‌గ్లాస్ తొడుగున్నదే వాడండి, మామూలు పీవీసీ కరిగిపోతుంది.

కెపాసిటర్ ముట్టుకునే ముందు 10 కిలో ఓమ్‌ల, కొన్ని వాట్ల రెసిస్టర్‌తో డిశ్చార్జి చెయ్యండి. దాని మీద 8 మైక్రోఫారడ్లు అని ఉండి మీటరులో 6 వస్తే పోయినట్టే. కొత్తదాని వోల్టేజీ పాతదానికంటే తక్కువ ఉండకూడదు. కెపాసిటర్, ఫ్యూజు, వైరు, క్లిప్పులు బెంగళూరులో ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే ఎస్పీ రోడ్డులో చూడండి. బెల్టు, జాకీ వాషింగ్ మెషిన్ స్పేర్ల దుకాణంలో దొరుకుతాయి. పాతవి వెంట తీసుకెళ్లండి.

అన్నీ బాగున్నా సగం తడి ఉంటే

అప్పుడు గాలి దారి చూడాలి. జాలీ ఫిల్టర్‌ను కుళాయి కింద పెట్టండి. నీళ్లు కారిపోకుండా పైన నిలిస్తే బట్టలు మెత్తగా ఉండటానికి వేసే కంఫర్ట్ లాంటి ద్రవాల పొర కట్టింది. సబ్బు, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, బాగా ఆరాక పెట్టండి. ఫిల్టర్ దూరే గాడిలో, ఫ్యాను రెక్కల మీద ఉన్న నూగును వాక్యూమ్‌తో లాగండి.

అపార్టుమెంట్లలో ఎక్కువగా కనబడేది ఇంకొకటుంది. యుటిలిటీ గ్రిల్లు లోంచి గొట్టం బయటికి పెట్టి, బల్లులు, పావురాలు రాకుండా చివర దోమల జాలీ కడతారు. తడి నూగు ఆ జాలీ మీద పొర మీద పొర అతుక్కుని నీళ్లు కూడా దిగని మందపు గుడ్డలా తయారవుతుంది. జాలీ తీసేసి, గాలి వచ్చినప్పుడు మాత్రమే తెరుచుకునే రెక్కల మూత పెట్టండి. 4 అంగుళాల అల్యూమినియం గొట్టం, వీలైనంత పొట్టిగా, వంపులు తక్కువగా ఉండాలి. యుటిలిటీకి గాజు తలుపులు వేసి గొట్టాన్ని లోపలే వదిలితే ఆ తడిగాలినే డ్రయ్యర్ మళ్లీ పీల్చుకుంటుంది, ముసురు రోజుల్లో గోడకు బూజు కూడా పడుతుంది.

వోల్టేజీ కూడా చూడండి. 200కి పడితే హీటరు ఇచ్చే వేడి నాలుగింట మూడు వంతులకు తగ్గుతుంది, అది డ్రయ్యర్ తప్పు కాదు.

మూత బిగించాక ప్లగ్గు లావు పిన్నుకూ, రంగు లేని బాడీ స్క్రూకూ మధ్య 1 ఓమ్ లోపు రావాలి. రాకపోతే ఎర్తు వైరు తగిలించడం మరిచారు. 16 ఆంపియర్ల సాకెట్లోనే పెట్టి, ముందు పది నిమిషాలు వేడి లేకుండా ఖాళీగా, తర్వాత రెండు తడి తువ్వాళ్లతో వేడి పెట్టి నడపండి. నడిచినంతసేపూ దగ్గరే ఉండి, ఆపేశాక ప్లగ్గు ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్ మార్చాల్సిందే.