పిల్లి కుంటుతోందా? మన మాత్రలు వేయకండి

పిల్లి వెనక కాలు నేలకు ఆనించకుండా కుంటుతుంటే మన మందుల డబ్బా తెరవకండి. పారాసిటమాల్‌ విషాన్ని విరిచే ఎంజైమ్ పిల్లి కాలేయంలో చాలా తక్కువ, ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు. ఇప్పటికే వేసేశారా? చిగుళ్లు గోధుమరంగుకు తిరిగేదాకా ఆగకుండా వెంటనే పశువైద్యుల దగ్గరికి పరుగెత్తండి. ఐబుప్రొఫెన్ కూడా ప్రమాదమే, కిడ్నీలు దెబ్బతింటాయి. కుక్కకు రాసిన మెలాక్సికామ్ అనే నొప్పి మందు మిగిలుంటే అదీ వద్దు, పిల్లికి మోతాదు వేరు.

మోకాలి చిప్ప జారిందా, ఎముకలను కలిపి పట్టే లిగమెంట్ తెగిందా అన్నది డాక్టరే తేల్చాలి. ఈలోగా చిన్న గదిలో ఉంచి, ఎక్కి దూకే కుర్చీలు తీసేయండి. అరవట్లేదు కదా అని నొప్పి లేదనుకోవద్దు, పిల్లులు దాచేస్తాయి. పిల్లి మలమూత్రాలకు పెట్టే లిట్టర్ ట్రే అంచు ఎత్తుగా ఉంటే పాపం కాలు లోపల పెట్టలేక బయటే కానిస్తుంది. తిట్టకుండా, అంచు తక్కువున్న ట్రే పెట్టండి.